సభ ముగిశాక ఊరికి మిగిలేదెంత? ప్రభుత్వ ధనంతో కట్టే కన్వెన్షన్ సెంటర్ల లెక్క

అమెరికాలోని తెలుగు సంఘాల్లో 2019 జూలైలో తానా, 2022 జూలైలో ఆటా తమ మహాసభలను వాషింగ్టన్ నగరం నడిబొడ్డున ఉన్న వాల్టర్ ఇ. వాషింగ్టన్ కన్వెన్షన్ సెంటరులో జరుపుకున్నాయి. 2023లో తానా ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా కన్వెన్షన్ సెంటరుకు, 2024లో ఆటా అట్లాంటాలోని జార్జియా వరల్డ్ కాంగ్రెస్ సెంటరుకు, 2025లో మరో తెలుగు సంఘం నాట్స్ టాంపా కన్వెన్షన్ సెంటరుకు వెళ్లాయి. ఈ నాలుగు భవనాలూ ప్రభుత్వ ధనంతో కట్టినవే, ప్రభుత్వ సంస్థల చేతుల్లో ఉన్నవే. అద్దెల మీద వచ్చే రాబడి కట్టుబడి అప్పును తీర్చదని కట్టినవారికి ముందే తెలుసు. అయినా ఎందుకు కట్టారంటే, లాభం భవనం లోపల కాదు బయట కనబడుతుందన్నది వారి సమాధానం. వేల మంది వస్తారు, హోటళ్లు నిండుతాయి, రెస్టారెంట్లు నడుస్తాయి, ఉద్యోగాలు పుడతాయి, పన్నుల రూపంలో ఖజానాకు తిరిగి చేరుతుంది అని వారు చెబుతారు. ఢిల్లీలో భారత్ మండపానికి సుమారు రూ.2,700 కోట్లు, అక్కడి ద్వారక ప్రాంతంలో యశోభూమి మొదటి దశకు సుమారు రూ.5,400 కోట్లు పెట్టినప్పుడు వినిపించిన వాదన కూడా దాదాపు ఇదే.

ఈ వాదన అబద్ధం కాదు. అయితే దాన్ని అంకెల్లోకి మార్చే పద్ధతిలో ఒక మెలిక ఉంది. సభ జరిగినప్పుడు ఊళ్లో ఎంత ఖర్చయిందన్నది ఒక ప్రశ్న. ఆ హాలు లేకపోతే ఆ ఖర్చులో ఎంత జరిగి ఉండేది కాదన్నది మరో ప్రశ్న. ప్రాంతానికి కలిగిన ప్రయోజనాన్ని కొలిచేది రెండో ప్రశ్నే అయినా, పత్రికా ప్రకటనల్లో ‘ఆర్థిక ప్రభావం’ పేరుతో కనిపించే అంకె ఎక్కువసార్లు మొదటిదానికి జవాబు. ఈ రెండింటి మధ్య దూరం కొన్నిసార్లు కొద్దిపాటిది, కొన్నిసార్లు ఏడెనిమిది రెట్లు.

అంకె ఎలా తయారవుతుంది

మామూలుగా జరిగే పద్ధతి ఇది. కన్వెన్షన్ సెంటరు కట్టాలనుకునే సంస్థ ఒక కన్సల్టెన్సీకి పని అప్పగిస్తుంది. ఏడాదికి ఎన్ని సభలు, ఎంతమంది ప్రతినిధులు, సగటున ఎన్ని రోజులు అన్నవి ఊహించి, ఒక్కో ప్రతినిధి రోజుకు చేసే సగటు ఖర్చుతో గుణిస్తారు. దీన్ని ప్రత్యక్ష ఖర్చు అంటారు. హోటలు తన కూరగాయల వ్యాపారికి, లాండ్రీకి, కరెంటుకు చెల్లించేది పరోక్ష ప్రభావం. ఆ హోటలులోనూ ఆ లాండ్రీలోనూ పనిచేసేవారు తమ జీతాలతో కొనుక్కునేది ప్రేరిత ప్రభావం. మూడూ కలిపితే వచ్చేది మొత్తం ప్రభావం. మొత్తాన్ని ప్రత్యక్ష ఖర్చుతో భాగిస్తే వచ్చేదే గుణకం.

దీని వెనకున్న సిద్ధాంతం గట్టిదే. ఒక పరిశ్రమ ఉత్పత్తి మరో పరిశ్రమకు ముడిసరుకుగా ఎలా వెళుతుందో పట్టికలో చూపే ఇన్‌పుట్–అవుట్‌పుట్ విశ్లేషణకు వాసిలీ లియొంటీఫ్‌కు 1973లో నోబెల్ బహుమతి వచ్చింది. అమెరికాలో ప్రాంతాలవారీ గుణకాలను ఆర్థిక విశ్లేషణ బ్యూరో ‘రిమ్స్–2’ పేరుతో ఇస్తుంది. ‘ఇంప్లాన్’ అనే ప్రైవేటు నమూనా కూడా విరివిగా వాడుకలో ఉంది. నగరాల పర్యాటక సంస్థల సంఘమైన ‘డెస్టినేషన్స్ ఇంటర్నేషనల్’ సభ్యులకైతే సభ వివరాలు నింపితే చాలు, ప్రభావం ఎంతో చెప్పే కాలిక్యులేటరే ఉంది. మన దేశంలో జాతీయ స్థాయి సరఫరా–వినియోగ పట్టికలను కేంద్ర గణాంక మంత్రిత్వ శాఖ విడుదల చేస్తుంది. రాష్ట్రానికీ నగరానికీ కావలసిన గుణకాలను మాత్రం పరిశోధకులే వాటినుంచి అంచనా కట్టుకోవాలి.

పట్టికకు తెలియనిది ఒకటుంది. దానిలో వేసిన ఖర్చు కొత్తదా, పాతదా అన్నది అది అడగదు. ఎంత వేస్తే అంతకు లెక్క కడుతుంది. అందుకే తప్పు గుణకంలో కన్నా ముందే, ప్రత్యక్ష ఖర్చు దగ్గరే జరిగిపోతుంది.

ఒక మహాసభను విప్పి చూస్తే

మనకు తెలిసిన సభనే ఉదాహరణగా తీసుకుందాం. ఇక్కడ ఇచ్చే అంకెలు ఏ సంఘానికీ సంబంధించినవి కావు, లెక్క నడిచే తీరు చూపడానికి ఊహించినవి. జూలై మొదటి వారాంతంలో వాషింగ్టన్‌లో మూడు రోజుల తెలుగు మహాసభకు 10,000 మంది వచ్చారనుకుందాం. రోజుకు 300 డాలర్ల సగటు ఖర్చు సూత్రం ప్రకారం చూస్తే 90 లక్షల డాలర్ల ప్రత్యక్ష ప్రభావం తేలుతుంది. 1.7 గుణకం వేస్తే అది కోటి 53 లక్షలు అవుతుంది. ప్రకటనలో కనిపించేది ఈ చివరి అంకె.

ఇప్పుడు వచ్చినవారిని చూద్దాం. తెలుగువాళ్లు దట్టంగా ఉండే ఉత్తర వర్జీనియా, మేరీలాండ్ శివార్లనుంచి 6,000 మంది కారులోనో మెట్రోలోనో వచ్చి, రాత్రి పాటకచేరీ అయ్యాక ఇంటికి వెళ్లిపోతారు. బయటి రాష్ట్రాలనుంచి వచ్చిన 4,000 మందిలో సగం మంది ఆష్‌బర్న్‌లోనో గెయితర్స్‌బర్గ్‌లోనో ఉన్న పిన్నిగారింట్లో, కాలేజీ స్నేహితుడింట్లో దిగుతారు. వారి పరుపులు హాల్లో పరుస్తారే కానీ హోటలు బిల్లులో పడవు. మిగిలిన 2,000 మంది భార్యాపిల్లలతో గదికి నలుగురు చొప్పున దిగితే 500 గదులు, రెండు రాత్రులకు 1,000 రూమ్ నైట్లు. గది 200 డాలర్లయితే 2 లక్షల డాలర్లు. బయటివారు 4,000 మందీ తిండికీ క్యాబులకూ పిల్లలకు మ్యూజియం దగ్గర ఐస్‌క్రీములకూ రోజుకు 50 డాలర్లు పెడితే 6 లక్షలు. మధ్యాహ్నం, రాత్రి భోజనం టికెట్టులోనే ఉంది కాబట్టి ఇంతకన్నా ఎక్కువ వేయడం కష్టం. నిర్వాహకులు హాలు అద్దెకూ, కరెంటుకూ, భద్రతకూ, వేదికకూ, కళాకారుల విమాన టికెట్లకూ 10 లక్షలు ఖర్చుపెడితే, అందులో స్థానికులకు చేరేది సగమనుకుందాం. అన్నీ కలిపితే 13 లక్షలు. అంటే 90 లక్షల్లో దాదాపు ఏడో వంతు.

ఆ 300 డాలర్ల సగటు ఎక్కడిదంటే, కంపెనీ ఖర్చుమీద ఒంటరిగా వచ్చి, గదికి ఒకరుగా దిగి, ఖాతాదారులను విందుకు తీసుకెళ్లే ప్రతినిధుల సర్వేలనుంచి. గుండె వైద్యుల జాతీయ సదస్సుకు ఆ సగటు సరిపోవచ్చు. కులసంఘాల సమ్మేళనానికీ, మతసభకూ, చీరలూ నగలూ అమ్మే ప్రదర్శనకూ సరిపోదు. కాబట్టి ఏ అధ్యయనంలోనైనా ముందుగా చూడవలసింది మొత్తం హాజరు సంఖ్య కాదు; అందులో బయటివారెందరు, వారిలో డబ్బిచ్చి రాత్రి బస చేసినవారెందరు అన్నది.

స్థానికులు పెట్టిన ఖర్చును ఎందుకు తీసేయాలన్న సందేహం రావచ్చు. వర్జీనియా శివారు హెర్ండన్‌లో ఉండే కుటుంబం సభలో వంద డాలర్లు ఖర్చుపెట్టకపోతే ఆ వారాంతంలో మరో చోట, బహుశా ఆ చుట్టుపక్కలే, ఖర్చుపెట్టేది. డబ్బు ఒక కొట్టు గల్లాపెట్టెనుంచి మరో కొట్టు గల్లాపెట్టెకు మారిందే తప్ప ప్రాంతానికి కొత్తగా చేరలేదు. ఇందులో మినహాయింపు లేకపోలేదు. సొంత ప్రాంతంలో సభ లేకపోతే ఆ కుటుంబం డల్లాస్ సభకు వెళ్లి ఖర్చుపెట్టేదయితే, ఆ మేరకు డబ్బు ఇక్కడే నిలిచిందని లెక్కవేయవచ్చు. నిజాయతీగల అధ్యయనం ఈ సంగతిని సర్వేలో అడుగుతుంది.

ప్రాంతం అంటే ఎక్కడిదాకా

ప్రాంతీయ ప్రభావం అన్నప్పుడు గీత ఎక్కడ గీశామన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది. వాషింగ్టన్ దీనికి మంచి ఉదాహరణ. వర్జీనియా, మేరీలాండ్‌లనుంచి వచ్చిన ఆ 6,000 మంది పార్కింగుకూ కాఫీకీ పెట్టిన డబ్బు, వాషింగ్టన్ నగరాన్ని పాలించే కొలంబియా డిస్ట్రిక్టు ప్రభుత్వం దృష్టిలో బయటినుంచి వచ్చిన కొత్త డబ్బే. మహానగర ప్రాంతం మొత్తాన్ని ఒకటిగా తీసుకుంటే అది సున్నా. బయటినుంచి వచ్చినవారు పొటొమాక్ నది దాటి ఆర్లింగ్టన్‌లో చవకగా గది తీసుకుంటే నగరానికి నష్టం, ప్రాంతానికి లాభం. హోటలు గొలుసు సంస్థకు వెళ్లే ఫ్రాంచైజీ రుసుము సాధారణంగా ప్రాంతం దాటిపోయే డబ్బు కిందే లెక్క. అయితే మారియట్ ప్రధాన కార్యాలయం పక్కనే మేరీలాండ్‌లోని బెథెస్డాలో ఉంది కాబట్టి అది నగరం దాటుతుంది కానీ ప్రాంతం దాటదు. పొటొమాక్ నదికి మేరీలాండ్ వైపు ఒడ్డున 2008లో గేలార్డ్ నేషనల్ అనే పెద్ద సమావేశ కేంద్రంతో కూడిన హోటలు తెరుచుకుంది. దానికి కౌంటీ ప్రభుత్వం సాయం చేసింది. ఒకే మహానగరంలో రెండు ప్రభుత్వాలు రెండు హాళ్లకు సాయంచేసి, ఒకే సభకోసం పోటీపడితే రెండు అధ్యయనాలూ లాభమే చూపుతాయి. రెంటినీ కలిపి చూసే అధ్యయనాన్ని చేయించే బాధ్యత మాత్రం ఎవరికీ లేదు.

ప్రాంతం చిన్నదయ్యే కొద్దీ గుణకం తగ్గాలి, ఎందుకంటే డబ్బు రెండో చేతికి వెళ్లేలోపే హద్దు దాటిపోతుంది. దేశానికి సరిపడే గుణకాన్ని జిల్లాకు వాడటం తరచు కనిపించే పొరపాటు. మరో పొరపాటు, అమ్మకాల మొత్తాన్ని ఆదాయంగా చూపడం. రెస్టారెంటు బిల్లులో బియ్యం ధర, ఆ బియ్యం అమ్మిన టోకు వ్యాపారి అమ్మకంలో మళ్లీ అదే ధర ఉంటాయి కనుక ఒకే రూపాయి రెండుమూడు సార్లు లెక్కలోకి వస్తుంది. ప్రాంతానికి మిగిలేది జీతాలు, లాభాలు, పన్నులు కలిసిన విలువ జోడింపు మాత్రమే, అదీ స్థానికులకు చేరినంత మేరకే.

ఎవరు రాకుండా పోయారు

వచ్చినవారిని లెక్కించడం సులువు, రానివారిని లెక్కించడమే కష్టం. హోటళ్లు ఎలాగూ నిండే రోజుల్లో సభ పెడితే ప్రతినిధులు మామూలు పర్యాటకులను పక్కకు నెడతారు. వాషింగ్టన్‌లో చెర్రీ పూల కాలంలో పెద్ద సదస్సు వచ్చిందంటే, రూమ్ నైట్లన్నీ దాని ఖాతాలో వేసుకోవడం సరికాదు. ఇందుకు విరుద్ధంగా, వ్యాపార ప్రయాణాలు తగ్గే సెలవు వారాంతాల్లోనో చలికాలంలోనో వచ్చే సభ గదులను నిజంగానే నింపుతుంది. ఈ కారణంగానే మన సంఘాలకు అమెరికా స్వాతంత్ర్య దినమైన జూలై నాలుగో తేదీ దగ్గర పెద్ద హాళ్లు దొరుకుతాయి: వృత్తి సంఘాలు ఆ తేదీలను కోరుకోవు. పైన మన మహాసభ లెక్కలో ఖర్చును ఏడో వంతుకు తగ్గించాం కానీ, ఈ ఒక్క విషయంలో దానికి మార్కులు కలపాలి.

నెట్టివేత ఎంత దూరం వెళ్లగలదో 2023 సెప్టెంబరులో ఢిల్లీ చూసింది. భారత్ మండపంలో జీ20 శిఖరాగ్ర సమావేశం జరిగిన 9, 10 తేదీలకు ముందురోజునుంచే న్యూఢిల్లీ జిల్లాలో దుకాణాలూ కార్యాలయాలూ బ్యాంకులూ మూసేశారు, రాకపోకలకు ఆంక్షలు పెట్టారు. దేశాధినేతల సమావేశానికి ఆర్థిక ప్రయోజనం ప్రధానం కాదు, నిజమే. అయితే దాన్ని భవనం సాధించిన ఆర్థిక ప్రభావం జాబితాలో చేర్చేటట్లయితే కన్నాట్ ప్లేస్‌లో మూడు రోజులు మూతపడిన షట్టర్లను కూడా రెండోవైపు రాయాలి.

నిర్మాణ దశలో వచ్చే ఉద్యోగాలను లాభంగా చూపడం మరింత విచిత్రమైన అలవాటు. సిమెంటుకూ కూలీకీ పెట్టిన డబ్బు ప్రాజెక్టు ఖర్చు. అదే డబ్బుతో ఆసుపత్రి కట్టినా, మంచినీటి పైపులు వేసినా మేస్త్రీలకూ కూలీలకూ పని దొరికేది. ఖర్చునే లాభం వైపు కూడా రాస్తే, ఎంత ఎక్కువ ఖర్చయితే ప్రాజెక్టు అంత గొప్పదని తేలుతుంది.

బిల్లు ఎవరిది

వాషింగ్టన్ కేంద్రానికి సుమారు 83 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. ఆ అప్పు తీర్చడానికి హోటలు గదులపై పన్నులో 4.45 శాతం పాయింట్లనూ, రెస్టారెంటు భోజనంపై ఉన్న 10% పన్నులో 1 శాతం పాయింటునూ ప్రత్యేక నిధికి మళ్లించారు. హోటలు పన్ను కట్టేది పరాయి ఊరివాళ్లే కదా, స్థానికులకు భారమేముంది అన్నది ఇలాంటి చోట వినిపించే మాట. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టుగా ఉంటుంది ఈ వాదన. ఆ పన్ను వసూలు చేసే హక్కు నగరానిదే. ఆ డబ్బును బడికో బస్సుకో వాడుకునే వీలుండీ హాలుకు వాడారంటే, బడీ బస్సూ ఆ మేరకు వదులుకున్నట్టే. ఇక రెస్టారెంటు పన్నులో ఆ ఒక్క శాతం పాయింటు నగరవాసి ఆఫీసు పక్కన సాండ్‌విచ్ కొన్నప్పుడల్లా కడుతున్నాడు. షికాగోలో మెకార్మిక్ ప్లేస్‌కు హోటలు, రెస్టారెంటు పన్నులతో పాటు అద్దె కార్లపైనా, విమానాశ్రయంనుంచి బయలుదేరే టాక్సీలపైనా పన్నుంది. ఆ కార్లలో ఎక్కేవారందరూ సభలకు వచ్చినవారు కారు.

హాలు కట్టాక ఖర్చు ఆగదు. హాలు పక్కనే పెద్ద హోటలు లేనిదే పెద్ద సభలు రావన్న వాదన వెంటనే మొదలవుతుంది. వాషింగ్టన్‌లో 2014లో 1,175 గదుల మారియట్ మార్క్వీస్ తెరిచారు, అందులో ప్రభుత్వ సాయం 20 కోట్ల డాలర్లకు పైమాటే. సెయింట్ లూయిస్‌లో ప్రభుత్వ సహకారంతో కన్వెన్షన్ సెంటరుకు తోడుగా 2003లో పూర్తయిన హోటలు 2009లో బాండుదారుల జప్తుకు గురయింది.

అందరూ కడితే

వాషింగ్టన్‌లో ఇప్పుడున్న కేంద్రానికి ముందు మరొకటి ఉండేది. 1982 డిసెంబరులో తెరిచినప్పుడు దేశంలో నాలుగో అతిపెద్దది. పదిహేనేళ్లలో మిగతా నగరాలన్నీ అంతకన్నా పెద్దవి కట్టడంతో 1997 నాటికి అది ముప్పయ్యో స్థానానికి జారింది. 2003లో కొత్తది తెరిచారు, 2004 డిసెంబరులో పాతదాన్ని పేలుడు పదార్థాలతో కూల్చేశారు. ఇరవై రెండేళ్లకే ఒక ప్రభుత్వ భవనం ఆయుష్షు తీరింది. కట్టేటప్పుడు వేసిన అంచనాల్లో దాన్ని ముప్పై ఏళ్లో నలభై ఏళ్లో పనిచేసేదిగా చూపి ఉంటే, ఏటా పడాల్సిన తరుగుదల తక్కువగా చూపినట్టే.

ఈ పోటీని అంకెల్లో చూపినవాడు టెక్సస్ విశ్వవిద్యాలయం (సాన్ ఆంటోనియో) ఆచార్యుడు హేవుడ్ శాండర్స్. బ్రూకింగ్స్ పరిశోధన సంస్థ 2005లో ప్రచురించిన ఆయన నివేదిక ప్రకారం, అంతకుముందు దశాబ్దంలో కన్వెన్షన్ సెంటర్లపై ప్రభుత్వ పెట్టుబడి రెట్టింపై ఏడాదికి 240 కోట్ల డాలర్లకు చేరింది. 1990 తర్వాత ప్రదర్శన స్థలం 50 శాతానికి పైగా పెరిగింది. కానీ దేశంలోని 200 అతిపెద్ద ట్రేడ్ షోల హాజరు 1993 నాటి స్థాయిలోనే ఉండిపోయింది. స్థలం ఎక్కువై సభలు అంతే ఉంటే ఏం జరుగుతుందో తెలిసిందే: అద్దె తగ్గించడం, ఒక్కోసారి ఉచితంగానే ఇవ్వడం, పైన ప్రోత్సాహకాలివ్వడం. అప్పుడు ఒక నగరం గెలిచిన సభ మరో నగరం పోగొట్టుకున్న సభే అవుతుంది. ఆ గెలుపులో మిగిలే లాభం అద్దెలో ఇచ్చిన రాయితీతో సరి.

శాండర్స్ వాదనను ఒప్పుకోనివారు కూడా ఉన్నారు, వారి మాటలో పస లేకపోలేదు. నాష్‌విల్‌లో 62 కోట్ల డాలర్లతో 2013లో తెరిచిన మ్యూజిక్ సిటీ సెంటరు పర్యాటక పన్నులతోనే అప్పు తీరుస్తూ, మిగులును నగర ఖజానాకు కూడా ఇచ్చింది. వాషింగ్టన్‌లో కేంద్రం చుట్టూ ఉన్న షా పేట కొత్త రూపు దిద్దుకుంది. అయితే నాష్‌విల్ ఆ దశాబ్దంలో అన్నివిధాలా పెరుగుతున్న ఊరు. షా పేటకు అంతకుముందే మెట్రో వచ్చింది, నగర జనాభా కూడా పెరిగింది. పెరుగుదలలో హాలు వాటా ఎంతో విడదీయకుండా మొత్తం ఘనతను దానికివ్వడం ఎంత తప్పో, ఏమీ లేదనడం కూడా అంతే తప్పు.

హైదరాబాదులో భూమి రూపంలో

మన దగ్గర లెక్క వేరే దారిలో నడుస్తుంది. 2006 జనవరిలో ప్రవాసీ భారతీయ దివస్‌తో తెరుచుకున్న హైదరాబాద్ ఇంటర్నేషనల్ కన్వెన్షన్ సెంటరు (హెచ్ఐసీసీ) దుబాయ్‌కి చెందిన ఎమార్ సంస్థా, అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని ప్రభుత్వ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ ఏపీఐఐసీ కలిసి చేపట్టిన ప్రాజెక్టులో భాగం. అక్కడ ప్రభుత్వం పెట్టుబడి ప్రధానంగా భూమి. బాండ్లు లేవు, ప్రత్యేక పన్ను లేదు, కాబట్టి బడ్జెట్ పుస్తకంలో ఖర్చు కనబడదు. ఖర్చు లేదని అర్థం కాదు. అదే భూమిని వేలం వేస్తే వచ్చేదో, కౌలుకిస్తే వచ్చేదో ప్రజలు వదులుకున్నదే అసలు ఖర్చు. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం గరిష్ఠంగా రూ.100.75 కోట్లు పలికిన నగరంలో భూమిని ఉచితమని చూసే ఏ లెక్కయినా లెక్క కాదు. ఆ ఉమ్మడి ప్రాజెక్టు భూములూ ప్రభుత్వ వాటా చుట్టూ రేగిన వివాదం 2011లో సీబీఐ దర్యాప్తుదాకా వెళ్లింది కూడా.

ప్రయోజనం వైపు చూస్తే, హెచ్ఐసీసీకి చెప్పుకోదగ్గ చరిత్ర ఉంది. 2006 మేలో ఆసియా అభివృద్ధి బ్యాంకు వార్షిక సమావేశం, 2007లో అంతర్జాతీయ అంతరిక్ష కాంగ్రెస్, 2010 ఆగస్టులో అంతర్జాతీయ గణిత మహాసభ, 2012లో జీవవైవిధ్య సదస్సు, 2017 నవంబరులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు అక్కడ జరిగాయి. గణిత మహాసభ భారతదేశంలో జరగడం అదే మొదటిసారి. అలాంటి సభకు విదేశాలనుంచి వచ్చి తొమ్మిది రోజులు గదులు తీసుకున్న గణితజ్ఞులు ఏ నిర్వచనం ప్రకారమైనా కొత్త డబ్బు తెచ్చినవారే, ఎందుకంటే పక్కనే హోటలుతో అంతటి హాలు లేకపోతే ఆ సభ ఇక్కడికి వచ్చే అవకాశం తక్కువ. అయితే అలాంటి సభలు అరుదు. ఏడాది పొడుగునా ఇలాంటి కేంద్రాలను నింపేవాటిలో డీలర్ల సమావేశాలు, కంపెనీ వార్షికోత్సవాలు, పెద్దింటి పెళ్లిళ్లు కూడా ఉంటాయి. పెళ్లి ఈ హాలులో కాకపోతే శంషాబాద్ దారిలో మరో హాలులో జరిగేది. వంటవాళ్లూ పూలవాళ్లూ సన్నాయివాళ్లూ వాళ్లే. అందుకని ఏటా ఇన్ని కార్యక్రమాలు, ఇన్ని లక్షల మంది అని చెప్పే అంకెలో గణిత మహాసభ పక్కనే ఈ పెళ్లి కూడా ఉంటే, ఆ అంకెతో చేయగలిగింది ఏమీ లేదు.

కారణాన్ని విడదీయడం ఇక్కడ మరింత కష్టం. హెచ్ఐసీసీ తెరిచే నాటికే హైటెక్ సిటీ ఎదుగుతోంది, పక్కనే 2003నుంచి హైటెక్స్ ప్రదర్శన ప్రాంగణం ఉంది, 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం వచ్చింది. మాదాపూర్ చుట్టూ లేచిన హోటళ్లకు సభలు ఎంత కారణం, ఐటీ కంపెనీల పని మీద వచ్చేవారు ఎంత కారణం? బెంగళూరులో పెద్ద ప్రదర్శన కేంద్రాన్ని కట్టింది యంత్ర పరికరాల తయారీదారుల సంఘం. అలాంటి ప్రభుత్వ కేంద్రం లేకుండానే అక్కడ కూడా హోటళ్లు లేచాయి. హైదరాబాదు పెరుగుదలలోంచి బెంగళూరు పెరుగుదలను తీసివేసి మిగిలింది మాత్రమే హాలు ఖాతాలో వేయాలన్నది ఈ పోలిక సారం. ఒక్క బెంగళూరే సరిపోదు, పుణె, చెన్నై కూడా చూడాలి, సభలు జరిగిన వారాలనూ జరగని వారాలనూ విడిగా చూడాలి.

పన్నుల సంగతి కూడా మనకు వేరు. 2017లో జీఎస్టీ వచ్చాక హోటలు గదిపై వసూలయ్యేది కేంద్రం, రాష్ట్రం సగం సగం పంచుకుంటాయి. రోడ్డు ఊడ్చి, చెత్త ఎత్తి, వర్షపు నీరు తోడే నగరపాలక సంస్థకు ఆ గదినుంచి నేరుగా వచ్చేది ప్రధానంగా ఆస్తి పన్నే. అమెరికన్ నగరాల అధ్యయనాల్లో ‘తిరిగి వచ్చే పన్ను’ అని ఉండే వరుసను ఇక్కడికి యథాతథంగా దించితే, ఆ డబ్బు ఏ ఖజానాకు తిరిగి వస్తుందో రాయకుండా వదిలేసినట్టే అవుతుంది.

విశాఖ ముందున్న ప్రశ్న

విశాఖపట్నంలో శాశ్వత అంతర్జాతీయ కన్వెన్షన్ సెంటరు ఉండాలన్న కోరిక పాతదే. హార్బర్ పార్కు దగ్గర లులు గ్రూపు ఆధ్వర్యంలో కన్వెన్షన్ సెంటరు, మాల్, హోటలుకు 2018లో శంకుస్థాపన జరిగింది. ప్రభుత్వం మారాక 2019లో ఆ భూకేటాయింపు రద్దయింది. ఈలోగా 2016లో భాగస్వామ్య సదస్సూ, 2023 మార్చిలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ కళాశాల మైదానంలో ప్రపంచ పెట్టుబడిదారుల సదస్సూ తాత్కాలిక కట్టడాల్లోనే జరిగాయి. విశ్లేషకుడికి ఇది అరుదుగా దొరికే సాక్ష్యం: హాలు లేకపోయినా ఏ సభలు వస్తాయో ఇక్కడ ముందే తెలిసిపోయింది. రేపు శాశ్వత హాలు కడితే, ప్రభుత్వమే ఆతిథ్యమిచ్చే ఇలాంటి సదస్సులకు వచ్చే అతిథుల ఖర్చును దాని ప్రయోజనం కింద చూపకూడదు. దాని ఖాతాలోకి రాగలిగింది ప్రతిసారీ షామియానాలకూ ఏసీలకూ అయ్యే ఖర్చులో మిగిలేది, హాలు లేనందువల్ల ఇప్పటిదాకా రాని సభలనుంచి వచ్చేది మాత్రమే.

రెండోదాన్ని ఊహించడానికి పెద్ద నమూనాలక్కర్లేదు. గత అయిదేళ్లలో విశాఖను అడిగి, హాలు లేదని వేరే ఊరికి వెళ్లిన వైద్య, ఇంజనీరింగ్ సంఘాల జాబితా హోటళ్ల బుకింగ్ విభాగాల్లో దొరుకుతుంది. అరకు సీజన్ నడిచే డిసెంబరు, జనవరుల్లో బీచ్ రోడ్డు హోటళ్లు పర్యాటకులతో నిండుతాయి. ఆ సంఘాలు అడిగిన తేదీలు కూడా అవే నెలల్లో పడితే కొత్తగా నిండే గదులు కొద్దే. ఆగస్టులోనో మార్చిలోనో పడితే లెక్క మారుతుంది. ఆ జాబితాకు ఎదురుగా రాయవలసింది, సముద్రానికి ఎదురుగా ఉన్న ఆ స్థలాన్ని బహిరంగ వేలంలో పెడితే పలికే ధరపై ఏటా వచ్చే వడ్డీ.